సొంత డబ్బు పెడతానంటే వద్దనడం ఎందుకు?

2012 మే 7, సోమవారం రాత్రి. ఇంగ్లండ్‌లో ఒకప్పటి బట్టల మిల్లుల పట్నం బ్లాక్‌బర్న్. అక్కడి ఈవుడ్ పార్క్ స్టేడియంలో బ్లాక్‌బర్న్ రోవర్స్, విగన్ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే మైదానంలోకి ఓ కోడి వచ్చింది. ఒంటికి క్లబ్ జెండా చుట్టి ఎవరో అభిమాని వదిలిన కోడి. ఆ రాత్రి బ్లాక్‌బర్న్ 1-0తో ఓడిపోయి, అన్నిటికన్నా పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి జారిపోయింది.

కోడినే ఎందుకు వదిలారంటే, క్లబ్ ఓనర్లది కోళ్ల వ్యాపారం. పైగా వాళ్లు మనకు మరీ పరాయివాళ్లు కూడా కాదు. బండా వాసుదేవరావు 1971లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ తర్వాత పుణె కేంద్రంగా వెంకీస్ పేరుతో దేశమంతా పాకింది. పేపర్లో రోజూ కనిపించే గుడ్ల ధర వెనకున్న నెక్ సంస్థను నిలబెట్టిన మనిషి కూడా ఆయనే. ఆయన పోయిన పద్నాలుగేళ్లకు, 2010 నవంబర్‌లో, ఆ కుటుంబం బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని 2.3 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. ఏడుకొండలవాడి పేరున్న కంపెనీ బ్లాక్‌బర్న్ ఉన్న లాంకషైర్ ప్రాంతంలో ఫుట్‌బాల్ క్లబ్ నడపడమేమిటని అప్పట్లో మనవాళ్లలోనూ చాలామంది ముచ్చటపడ్డారు. ఆ ముచ్చట ఏడాదిన్నరలో తీరిపోయింది.

అయితే ఆ కోడికి పదిహేడేళ్ల ముందు, 1995 మే 14న, ఇదే క్లబ్ ఇంగ్లండ్ ఛాంపియన్. అదీ ఓ డబ్బున్న ఓనర్ చలవే. క్లబ్ ఒకటే, ఊరు ఒకటే, ఇద్దరు ఓనర్ల దగ్గరా డబ్బుంది. మొదటి డబ్బు కప్పు తెచ్చింది, రెండో డబ్బు కోడిని తెచ్చింది. డబ్బున్న ఓనర్ ఇష్టమొచ్చినంత ఖర్చు పెట్టుకోవచ్చా లేదా అని ఇంగ్లండ్‌లో ఏళ్లుగా నడుస్తున్న గొడవ అర్థం కావాలంటే బ్లాక్‌బర్న్ కన్నా మంచి చోటు నాకు కనపడలేదు.

జాక్ వాకర్ బ్లాక్‌బర్న్‌లోనే పుట్టాడు. ఉక్కు వ్యాపారంలో ఎదిగి, కంపెనీని బ్రిటిష్ స్టీల్‌కి ముప్పై కోట్ల పౌండ్లకు పైగా అమ్మేశాడు. పన్నుల బాధ పడలేక జెర్సీ దీవిలో కాపురం పెట్టాడు గానీ మనసు మాత్రం ఈవుడ్ పార్క్‌లోనే ఉండేది. 1991లో క్లబ్‌ని చేతిలోకి తీసుకునేనాటికి అది రెండో డివిజన్‌లో ఉంది. 1966 నుంచి పై డివిజన్ ముఖమే చూడలేదు. చివరిసారి ఛాంపియన్ అయింది 1914లో, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు.

వాకర్ ముందుగా కెన్నీ డాల్‌గ్లీష్‌ని మేనేజర్‌గా పట్టుకొచ్చాడు. 1992లో జట్టు ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చీ రాగానే అలన్ షియరర్‌ని అప్పటి బ్రిటిష్ రికార్డు ధరకు కొన్నాడు. రెండేళ్లకు క్రిస్ సటన్ కోసం ఆ రికార్డునీ బద్దలుకొట్టాడు. స్టేడియంలో మూడు వైపులా స్టాండ్లు కొత్తగా కట్టించాడు. 1995లో ఆఖరి మ్యాచ్ డాల్‌గ్లీష్ ఒకప్పుడు ఏలిన లివర్‌పూల్ మైదానంలో. అందులో బ్లాక్‌బర్న్ ఓడిపోయింది. కానీ అదే సమయానికి లండన్‌లో వెస్ట్‌హామ్‌ని మాంచెస్టర్ యునైటెడ్ గెలవలేకపోవడంతో కప్పు వాకర్ చేతికొచ్చింది. ఆ రోజు ఆయన ఏడ్చాడు. ఆ ఊళ్లో ఆయన్ని తిట్టే మనిషి ఇప్పటికీ దొరకడు. స్టేడియం బయట విగ్రహం ఉంది.

ఇదే పని ఇవాళ చేద్దామన్నా వాకర్‌కి వీలుపడదు. రూల్ ఒప్పుకోదు.

రూల్ ఏమంటుంది

ప్రీమియర్ లీగ్ 2013లో తెచ్చి, 2025-26 సీజన్ దాకా ఉంచిన నిబంధన ప్రకారం ఒక క్లబ్ మూడేళ్లలో మొత్తం 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపించకూడదు. అందులోనూ మెలిక ఉంది. మొదటి 1.5 కోట్లు క్లబ్ తన దారిన తాను నష్టపోవచ్చు. మిగిలిన 9 కోట్ల నష్టాన్ని ఓనర్ పూడ్చాలి. అది అప్పుగా ఇస్తే చెల్లదు, వాటా పెట్టుబడిగా పెట్టాలి, అంటే తిరిగి అడగడానికి వీల్లేని డబ్బు. రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌లో మూడేళ్లకు హద్దు 3.9 కోట్లే. స్టేడియం కట్టడం, అకాడమీ, మహిళల జట్టు, ఊరికి చేసే సేవ, ఇవేవీ ఈ లెక్కలోకి రావు. వాటి మీద ఓనర్ ఎంతైనా పెట్టుకోవచ్చు. హద్దంతా ఆటగాళ్ల కొనుగోళ్లు, జీతాల చుట్టూనే.

దీనికి ముందే యూరప్ సంఘం యుయెఫా తన పోటీల్లో ఆడే క్లబ్బులకు ఇలాంటి హద్దు పెట్టింది. మిషెల్ ప్లాటినీ అధ్యక్షుడిగా ఉన్న రోజులవి. ఆదాయానికి తగ్గ ఖర్చు అన్నది అసలు సూత్రం. 2011లో యూరప్ పై డివిజన్ల క్లబ్బులన్నీ కలిసి 170 కోట్ల యూరోల నష్టంలో ఉన్నాయి. 2017కల్లా అవే క్లబ్బులు కలిపి చూస్తే 60 కోట్ల లాభంలోకి వచ్చాయి. టీవీ డబ్బు పెరగడం కూడా కారణమే అనుకోండి. అయినా రూల్ పనిచేయలేదనడం అన్యాయం.

ఇక్కడ లెక్కల పద్ధతి కొంచెం తెలియాలి. తెలియకపోతే ఇంగ్లండ్‌లో జూన్ నెలాఖరున జరిగే వింతలు అర్థం కావు. ఒక ఆటగాడిని 5 కోట్లకు కొని అయిదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారనుకోండి. పద్దులో ఆ 5 కోట్లూ ఒకేసారి ఖర్చుగా పడవు, ఏడాదికి కోటి చొప్పున పడతాయి. రెండేళ్లయ్యాక పుస్తకాల్లో అతని విలువ 3 కోట్లు. అప్పుడు 4 కోట్లకు అమ్మితే ఆ ఏడాది కోటి లాభం రాసుకుంటారు. కొన్నదానికన్నా తక్కువకు అమ్మినా లాభమే అన్నమాట. మరి సొంత అకాడమీలో చిన్నప్పటినుంచి పెరిగిన కుర్రాడో? అతన్ని కొనలేదు కాబట్టి పుస్తకాల్లో విలువ సున్నా. ఎంతకు అమ్మితే అంతా లాభమే.

దీంతో ఏం జరిగిందో ఊహించవచ్చు. నష్టం హద్దు దాటేలా ఉంటే క్లబ్ ముందుగా బేరం పెట్టేది ఆ ఊరి కుర్రాడిని. 2024 జూన్ చివరి రోజుల్లో న్యూకాసిల్ యునైటెడ్ ఎలియట్ ఆండర్సన్‌ని నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి సుమారు 3.5 కోట్ల పౌండ్లకు అమ్మేసింది. న్యూకాసిల్ పక్కనే పుట్టి, ఆ క్లబ్ అకాడమీలోనే పెరిగిన కుర్రాడతను. అప్పటికి ఆ క్లబ్‌లో 80 శాతం వాటా ఎవరిదంటే సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధిది. ప్రపంచంలో అంతకన్నా డబ్బున్న ఫుట్‌బాల్ ఓనర్ ఉన్నాడంటే నేను నమ్మను. అలాంటి ఓనర్ ఉన్న క్లబ్ జూన్ 30 లోపు లెక్కలు సరిచేసుకోవడానికి ఇంటి పిల్లాడిని అమ్ముకుంది.

ఫారెస్ట్ అంతకుముందు ఏడాది సరిగ్గా దీనికి వ్యతిరేకంగా నడిచి చేతులు కాల్చుకుంది. తమ అకాడమీ కుర్రాడు బ్రెన్నన్ జాన్సన్‌ని జూన్‌లోపు అమ్మకుండా ఆగి, 2023 సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కి 4.75 కోట్లకు అమ్మింది. ఆగినందుకు మంచి ధర వచ్చింది. కానీ అప్పటికి పద్దు సంవత్సరం ముగిసిపోయింది. ఫారెస్ట్ ఆ మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లో ఉంది కాబట్టి దాని హద్దు 6.1 కోట్లే. ఏడాదికి 1.3 కోట్ల చొప్పున రెండేళ్లు, పైన ఒక ఏడాదికి 3.5 కోట్లు. నష్టం దాన్ని 3.45 కోట్లు దాటింది. నాలుగు పాయింట్లు కోత పడ్డాయి. అదే సీజన్‌లో ఎవర్టన్‌కి మొదట పది పాయింట్లు కోసి, అప్పీలు మీద ఆరుకి తగ్గించి, తర్వాత ఇంకో కేసులో మరో రెండు కోశారు. టేబుల్‌లో తమ జట్టు ఎక్కడుందో చూసుకోవడానికి అభిమానులు అకౌంటెంట్ల మాట వినాల్సిన రోజులవి.

తెలివైనవాళ్లు సందులు వెతికారు. చెల్సీ ఎనిమిదేళ్లకు పైబడిన కాంట్రాక్టులు ఇచ్చింది. ఎక్కువ ఏళ్లకు పంచితే ఏడాది ఖర్చు తగ్గుతుంది కదా. యుయెఫా, ఆ తర్వాత ప్రీమియర్ లీగ్, ఎన్నేళ్ల కాంట్రాక్టయినా లెక్కకు అయిదేళ్లేనని ఆ సందు మూశాయి. చెల్సీ తన స్టేడియం పక్కనున్న రెండు హోటళ్లను తన సోదర కంపెనీకే అమ్మి లాభం రాసుకుంది. ఆ తర్వాత మహిళల జట్టునీ మాతృసంస్థకు అమ్మింది. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ప్రీమియర్ లీగ్ దాన్ని ఒప్పుకుంది, యుయెఫా ఒప్పుకోలేదు. 2025 జులైలో 3.1 కోట్ల యూరోల జరిమానా పడింది.

వద్దనడం అన్యాయమనేవాళ్ల మాట

ఓనర్లకు స్వేచ్ఛ ఇవ్వాలనేవాళ్ల వాదనను చాలామంది తేలిగ్గా తీసేస్తారు. నాకది అంత తేలికైన వాదన అనిపించదు.

ఖర్చును ఆదాయానికి ముడిపెట్టారనుకోండి. ఆదాయం ఎవరికి ఎక్కువ? ఇప్పటికే గెలుస్తున్నవాళ్లకి. గెలిస్తే యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ డబ్బు, స్పాన్సర్లు, ఆసియా టూర్లు. వాటితో మంచి ఆటగాళ్లు. వాళ్లతో మళ్లీ గెలుపు. కింద ఉన్న క్లబ్ ఈ చక్రంలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు బయటనుంచి ఒక్క తోపు తోయాలి. వాకర్ చేసింది అదే. ముందు ఎక్కినవాళ్లు నిచ్చెన పైకి లాగేసుకున్నారని న్యూకాసిల్, ఆస్టన్ విల్లా అభిమానులు అనడంలో ఉక్రోషం ఉంది, నిజమూ ఉంది.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టేది మాంచెస్టర్ యునైటెడ్ సంగతి. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం ఆ క్లబ్‌ని 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు అందులో పెద్ద భాగం అప్పు. ఆ అప్పు చివరికి క్లబ్ నెత్తినే పడింది. కోడిని కొనడానికి ఆ కోడి పెట్టబోయే గుడ్లనే తాకట్టు పెట్టినట్టు. అప్పటిదాకా అప్పుల్లేని క్లబ్ ఆనాటినుంచి వడ్డీలకే వందల మిలియన్లు ధారపోసింది. దానికి ఏ రూలూ అడ్డు రాలేదు. యునైటెడ్ ఆదాయం పెద్దది, వడ్డీ కట్టుకోగలదు, నష్టం హద్దులోనే ఉంది. క్లబ్‌లోంచి డబ్బు తీసుకెళ్లేవాడికి అడ్డులేదు, తెచ్చిపెట్టేవాడికి అడ్డుంది. నష్టాన్ని మాత్రమే కొలిచే రూల్‌కి ఈ తేడా కనపడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనిషి తన డబ్బుతో గుర్రం కొనుక్కోవచ్చు, పడవ కొనుక్కోవచ్చు, పాడు చేసుకోవచ్చు. ఫుట్‌బాల్ జట్టు మీద పెడితే మాత్రం నేరమా అని అడిగితే, పైకి జవాబు చెప్పడం కష్టమే.

డబ్బు ఆగిన రోజు

జవాబు డబ్బు పెట్టిన రోజున దొరకదు. ఆగిన రోజున దొరుకుతుంది.

స్కాట్లండ్ సరిహద్దులో గ్రెట్నా అనే ఊరు. జనాభా మూడు వేలు ఉంటుందేమో. బ్రూక్స్ మైల్సన్ అనే వ్యాపారి ఆ ఊరి క్లబ్ మీద మనసుపడ్డాడు. 2005, 2006, 2007లో వరసగా మూడు డివిజన్లు ఎక్కించాడు. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ దాకా వెళ్లి హార్ట్స్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. పై డివిజన్‌కి చేరేసరికి సొంత మైదానం ఆ స్థాయికి సరిపోక, వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మదర్‌వెల్‌లో ‘హోమ్’ మ్యాచ్‌లు ఆడారు. 2008లో మైల్సన్‌కి జబ్బు చేసింది. డబ్బు ఆగింది. కొద్ది నెలల్లో క్లబ్ మూతపడింది. ఆయనా అదే ఏడాది చనిపోయాడు. ఇందులో మోసం లేదు, దురాశ కూడా అంతగా కనపడదు. ఒక మనిషి మంచాన పడ్డాడు, అంతే.

మైల్సన్ బయటివాడు కాబట్టి అలా అయిందనుకుంటే, డర్బీ కౌంటీ ఉంది. మెల్ మోరిస్ డర్బీ ఊరివాడే, చిన్నప్పటినుంచీ ఆ జట్టు అభిమాని. ఫోన్లలో మనమంతా ఆడిన క్యాండీ క్రష్ తయారుచేసిన కంపెనీలో పెట్టిన డబ్బు అతన్ని కోటీశ్వరుణ్ని చేసింది. ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్లాలని కోట్లకు కోట్లు పెట్టాడు, స్టేడియాన్ని తన కంపెనీకే 8 కోట్లకు పైగా అమ్మించి నష్టం తగ్గించి చూపాడు. ఒక రోజుకి ఓపిక అయిపోయింది. 2021 సెప్టెంబర్‌లో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా తీసినవాళ్ల లెక్కలు చూసే అధికారుల చేతిలోకి వెళ్లింది. ఆ సీజన్‌లో మొత్తం 21 పాయింట్లు కోత. వేన్ రూనీ మేనేజర్‌గా ఎంత తంటాలు పడ్డా మూడో డివిజన్‌కి జారక తప్పలేదు.

షెఫీల్డ్ వెన్స్‌డే అయితే నిన్న మొన్నటి కథ. 1867లో పుట్టిన క్లబ్. థాయిలాండ్‌లో ట్యూనా చేపల డబ్బాల వ్యాపారంతో ఎదిగిన కుటుంబానికి చెందిన డెజ్‌ఫన్ చాన్‌సిరి 2015లో కొన్నాడు. పదేళ్లు పెట్టాడు. 2025లో జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి. అక్టోబర్‌లో క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్లింది, 12 పాయింట్లు పోయాయి.

మనకు ఈ దృశ్యం కొత్తదేం కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ మూడేళ్లకే, ఓనర్ కంపెనీ అప్పుల్లో మునగడంతో, లీగ్‌లోంచి పోయింది. 2022లో మన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్‌లో ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లు తిరక్కుండానే జీతాలు ఇవ్వలేక ఆటగాళ్లను పోగొట్టుకుని, చివరికి చేతులు మారి 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. కప్పు గెలిచిన జట్టుకి ఊరే లేకుండా పోయింది.

ఇన్ని చోట్లా జరిగింది ఒకటే. ఓనర్ ఈ ఏడాది డబ్బు పెడతాడు. ఆ డబ్బుని నమ్ముకుని క్లబ్ నాలుగేళ్ల జీతాల కాంట్రాక్టులు రాస్తుంది. ఓనర్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు, కాంట్రాక్ట్ మాత్రం ఆగదు. ‘నా డబ్బు, నా ఇష్టం’ అనే మాట ఇక్కడే తేలిపోతుంది. అతను ఖర్చు పెడుతున్నది తన డబ్బు మాత్రమే కాదు, తను ఇంకా ఇవ్వని డబ్బు కూడా. ఇవ్వకపోతే కట్టాల్సింది క్లబ్. పైగా చాలా చోట్ల ఆ ఇచ్చింది కూడా కానుక కాదు, అప్పు. వడ్డీ లేని అప్పే కావచ్చు, వసూలు చేయనని నోటిమాట ఉండొచ్చు, అయినా అప్పు అప్పే. చెల్సీకి రోమన్ అబ్రమోవిచ్ పెట్టింది దాదాపు 150 కోట్ల పౌండ్ల అప్పు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే బ్రిటన్ అతని ఆస్తుల్ని స్తంభింపజేసినప్పుడు, ప్రపంచ క్లబ్ ఛాంపియన్‌గా ఉన్న చెల్సీ కొత్త టికెట్లు అమ్ముకోలేకపోయింది, అంగట్లో జెర్సీ అమ్ముకోలేకపోయింది. బయటి ఊళ్లో మ్యాచ్‌కి ప్రయాణ ఖర్చు 20 వేల పౌండ్లు దాటకూడదన్నారు. 250 కోట్లకు అమ్ముడుపోయే క్లబ్ కాబట్టి బయటపడింది. బ్లాక్‌బర్న్‌కైతే అలాంటి కొనుగోలుదారు వరసలో నిలబడి ఉండడు.

మళ్లీ బ్లాక్‌బర్న్‌కి

వెంకీస్ వాళ్లని పిసినారులని తిట్టడం తప్పు. వచ్చిన నెలలోనే అనుభవమున్న మేనేజర్ శామ్ అలర్డైస్‌ని తీసేసి స్టీవ్ కీన్‌ని పెట్టడం లాంటి పనులకు విమర్శ పడాల్సిందే. ఆట తెలియకుండా ఆటలోకి దిగారు. కానీ డబ్బు పెట్టలేదనలేం. ఏడాదికేడాది నష్టాలు పూడుస్తూ వచ్చారు. ఇన్నేళ్లలో 20 కోట్ల పౌండ్లకు పైగానే పెట్టారని ఇంగ్లండ్ పత్రికల లెక్క. డబ్బు ఉంటే చాలు, జట్టు ఎదుగుతుందనే నమ్మకానికి ఇంతకన్నా ఖరీదైన జవాబు ఉండదు. 2017లో బ్లాక్‌బర్న్ మూడో డివిజన్‌కి కూడా జారింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అంత కిందికి వెళ్లడం అదే మొదటిసారి. మరుసటి ఏడాదే పైకి వచ్చింది గానీ ఛాంపియన్‌షిప్ దాటలేదు.

వాళ్ల కథలో రెండు తాళాలున్నాయి. మొదటిది 2014 డిసెంబర్‌లో పడింది. నష్టాలు హద్దు దాటాయని లీగ్ ఆ క్లబ్ కొనుగోళ్ల మీద ఆంక్ష పెట్టింది. ఓనర్ దగ్గర డబ్బుంది, పెట్టడానికి సిద్ధం, రూల్ వద్దంది. స్వేచ్ఛావాదులు చూపించే ఉదాహరణ ఇలాంటిదే.

రెండో తాళం ఇంగ్లండ్‌ది కాదు, మనది. విదేశాలకు పంపిన డబ్బు మీద ఈడీ విచారణ నేపథ్యంలో, 2023లో ఇక్కడినుంచి బ్లాక్‌బర్న్‌కి డబ్బు పంపాలంటే ఓనర్లు ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. లాంకషైర్‌లో జీతాల తారీఖు ఢిల్లీలో వాయిదా తారీఖు మీద ఆధారపడింది. ఓనర్లు ఆరోగ్యంగా ఉన్నారు, డబ్బుంది, ఆసక్తీ ఉంది. అయినా ఆగింది. క్లబ్ జాగ్రత్తపడింది. 2024 ఆరంభంలో ఆడం వార్టన్‌ని క్రిస్టల్ ప్యాలెస్‌కి 1.8 కోట్లకు అమ్మింది. బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, ఆరేళ్ల వయసునుంచి ఆ అకాడమీలో ఆడిన కుర్రాడు. నాలుగు నెలలు తిరిగేసరికి ఇంగ్లండ్ యూరో జట్టులో ఉన్నాడు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్‌లో అందరికన్నా ఎక్కువగా 27 గోల్స్ కొట్టిన సామీ స్మాడిక్స్ కూడా వేసవిలో వెళ్లిపోయాడు.

ఓనర్ మంచివాడా చెడ్డవాడా, డబ్బున్నవాడా లేనివాడా అన్న ప్రశ్నలు ఇక్కడ పెద్దగా పనికిరావు. జబ్బు, యుద్ధం, విసుగు, కోర్టు, వీటిలో ఏదో ఒకటి చాలు.

ఓనర్ ఒక దేశమే అయితే

ప్రభుత్వాల డబ్బు వచ్చాక సమస్య ఇంకో మలుపు తిరిగింది. దేశానికి జబ్బు చేయదు, దివాలా భయమూ తక్కువ. అబూ ధాబీ రాజకుటుంబ సభ్యుడు 2008లో మాంచెస్టర్ సిటీని కొన్నాక ఆ క్లబ్ మూతపడుతుందని ఎవరూ భయపడలేదు. భయమంతా మిగతావాళ్లకి. హద్దు ఆదాయాన్ని బట్టి ఉంటే, ఆదాయాన్నే పెంచి చూపించవచ్చు. ఓనర్ తాలూకు కంపెనీలే స్పాన్సర్లుగా వస్తే అది ఆదాయమా, మారువేషంలో ఉన్న ఓనర్ డబ్బా? 2020 ఫిబ్రవరిలో యుయెఫా సిటీని రెండేళ్లు నిషేధించింది. జులైలో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు ఆ నిషేధం కొట్టేసి, విచారణకు సహకరించనందుకు కోటి యూరోల జరిమానాతో సరిపెట్టింది. 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ వందకు పైగా ఆరోపణలు మోపింది. సిటీ అన్నిటినీ ఖండించింది. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా మూసిన తలుపుల వెనక వాదనలు నడిచాయి. రూల్ ఎంత చిక్కుగా ఉంటే మంచి లాయర్లున్నవాడికి అంత లాభం. చిన్న క్లబ్ తప్పు ఒప్పుకుని పాయింట్లు పోగొట్టుకుంటుంది.

ఐపీఎల్‌లో లాగా అందరికీ ఒకే పర్సు పెడితే పోయేది కదా అని మనవాళ్లు అడుగుతారు. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో వచ్చిన జట్టు మళ్లీ ఏడాది అదే లీగ్‌లో ఆడుతుంది. ఇంగ్లండ్‌లో అలా కాదు, కింది డివిజన్‌కి జారడం ఉంది. ఒక్క డివిజన్ ఎక్కితే పది కోట్ల పౌండ్లకు పైగా వస్తాయి, జారితే అంతా పోతుంది. అందుకే ఛాంపియన్‌షిప్‌లో చాలా సీజన్లలో క్లబ్బుల జీతాల బిల్లే మొత్తం ఆదాయాన్ని మించిపోయింది. పైగా ఇంగ్లండ్ ఒక్కటే పర్సు పెడితే ఆటగాడు స్పెయిన్‌కో ఇటలీకో వెళ్తాడు. జర్మనీ దారి వేరు. అక్కడ 1998 నుంచి ఉన్న రూల్ ప్రకారం, ఒకట్రెండు మినహాయింపులు తప్ప, క్లబ్‌లో సగానికి పైగా ఓట్లు సభ్యులైన అభిమానులవే. టికెట్లు చవక, స్టేడియాలు నిండుగా ఉంటాయి. అయితే 2013 నుంచి 2023 దాకా వరసగా పదకొండుసార్లు బయర్న్ మ్యూనిక్కే గెలిచింది. ఓనర్ డబ్బుని ఆపినంత మాత్రాన సమానత్వం రాదని దాన్నిబట్టి తెలుస్తోంది.

నేను ఎటువైపు అంటే

పెట్టనివ్వాలి. కానీ పెట్టిన తర్వాత, పెడతానన్న మాట మీద కాదు. ఓనర్ ఒక ఆటగాడికి అయిదేళ్ల కాంట్రాక్ట్ ఇవ్వాలనుకుంటే, క్లబ్ సొంత ఆదాయం మోయలేని భాగం అయిదేళ్లదీ ముందే క్లబ్ ఖాతాలో పడాలి, లేదా బ్యాంకు గ్యారంటీ ఉండాలి. అప్పుగా కాదు, వాటాగా. అప్పుడు గ్రెట్నాలో మైల్సన్ మంచాన పడ్డా ఆటగాళ్ల జీతాలు వస్తాయి, క్లబ్ నెమ్మదిగా కిందికి దిగుతుంది, ఒక్కసారిగా చావదు. దీంతో పాటు గ్లేజర్ల దారికీ గేటు వేయాలి. క్లబ్‌ని కొనడానికి చేసిన అప్పు క్లబ్ మీద రాయడానికి వీల్లేదనాలి. డబ్బు తెచ్చేవాడిని అనుమానించి, తీసుకెళ్లేవాడికి దండం పెట్టే రూల్ నాకు మింగుడుపడదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాచను. ముందే డబ్బు కట్టి మరీ ఒక దేశం పది మంది ఆటగాళ్లకు మూడింతలు జీతాలిస్తే, పక్క క్లబ్ కూడా పెంచక తప్పదు. దానికి ఆ స్తోమత ఉండదు. అంటే ఒక ఓనర్ తన క్లబ్‌ని చంపకపోయినా పక్కవాడి క్లబ్‌ని చంపగలడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అమెరికా బేస్‌బాల్‌లో జీతాల బిల్లు ఒక గీత దాటితే దాటిన మేరకు పన్ను కడతారు. అలాంటిదే పెట్టి ఆ పన్ను కింది డివిజన్లకు పంచితే, పాయింట్ల కోత కన్నా మేలనిపిస్తుంది. పాయింట్లు కోస్తే శిక్ష పడేది టికెట్ కొనుక్కున్న అభిమానికి, డబ్బు కోస్తే ఓనర్‌కి.

ప్రీమియర్ లీగ్ మాత్రం వేరే దారి పట్టింది. 2025 నవంబర్‌లో క్లబ్బులు ఓటేసి పాత నష్టాల హద్దు తీసేశాయి. 2026-27 నుంచి జట్టు మీద పెట్టే ఖర్చు ఆదాయంలో 85 శాతం మించకూడదు. యుయెఫాలో ఇది 70 శాతం. అట్టడుగు క్లబ్‌కి వచ్చే టీవీ డబ్బుకి ఇన్ని రెట్లని అందరికీ ఒకే పైకప్పు పెడదామన్న ప్రతిపాదన మాత్రం ఓడిపోయింది. మళ్లీ ఆదాయమే కొలబద్ద. కొత్త నిచ్చెనకూ కింది మెట్లు లేవు.

అంతకన్నా నాకు ఆశ కలిగించేది అదే ఏడాది జులైలో బ్రిటన్ పార్లమెంటు చేసిన ఫుట్‌బాల్ చట్టం. లీగ్‌తో సంబంధం లేని ఒక రెగ్యులేటర్ పై అయిదు డివిజన్ల క్లబ్బులకు లైసెన్సులు ఇస్తుంది. 2019లో బరీ అనే 134 ఏళ్ల క్లబ్‌ని, ఒక్క పౌండుకి కొన్న ఓనర్ నడపలేక లీగ్‌లోంచి వెలివేయాల్సి వచ్చిన తర్వాత మొదలైన ఆలోచన ఇది. లైసెన్సు కావాలంటే క్లబ్ తన ఆర్థిక ప్రణాళికతో పాటు, వచ్చే ముప్పులేమిటో, వస్తే ఏం చేస్తారో రాసివ్వాలి. బ్లాక్‌బర్న్ దరఖాస్తు నింపే అకౌంటెంట్‌కి ఆ గడిలో రాయడానికి చాలా ఉంటుంది. పుణె నుంచి డబ్బు రాకపోతే ఆ నెల జీతాలు ఎక్కడినుంచి ఇస్తారో అతను చూపించాలి. అకాడమీలో ఇంకో వార్టన్ ఉన్నాడని రాస్తే ఒప్పుకుంటారో లేదో చూడాలి.